బొగ్గులో బూడిద

ఖరగ్‌పూర్‌లో బండి మారేటప్పటికి ఇంకా తెల్లారలేదు. ప్లాట్‌ఫాం మీద టీ పోస్తున్న కుర్రాడు నా హిందీ విని నవ్వి, తెలుగులోకి దిగిపోయాడు. వాళ్ల తాత సోంపేట వైపు నుంచి వచ్చి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేశాడట. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ మన శ్రీకాకుళం, విజయనగరం మనుషులు ఈ పట్టాల వెంబడే పైకి వెళ్లారు. కొందరు ఖరగ్‌పూర్‌లో ఆగిపోయారు. కొందరు ఇంకో 130 కిలోమీటర్లు పోయి టాటానగర్‌లో దిగి, ఉక్కు కార్ఖానాలో పనికి కుదిరారు. మా అమ్మ వైపు మావయ్య ఆ రెండో జట్టులోవాడు. పాలకొండ దగ్గరి ఊరు ఆయనది. 1962లో, 18 ఏళ్ల వయసులో వచ్చి, బొగ్గును కోకుగా మార్చే కోక్ అవెన్ల దగ్గర ఖలాసీగా చేరాడు. రిటైరయ్యేనాటికి లాబొరేటరీలో బొగ్గు శాంపిళ్లు పట్టే పనిలో ఉన్నాడు. ఇప్పుడు సాక్చిలో, కాశీడీహ్ వైపు చిన్న ఇంట్లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. చూపు మందగించింది, ఒకసారి వచ్చి పొమ్మని కబురు పెట్టాడు. డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

ఝార్‌గ్రామ్ దాటాక సాల చెట్లు మొదలయ్యాయి. ఘాట్‌శిలా దగ్గర పొగమంచులో ఎర్రమట్టి దారి వెంట పిల్లలు బడికి నడుస్తున్నారు. ముందు ఒక పెద్దపిల్ల, వెనక నలుగురు చిన్నవాళ్లు. చివరివాడి కాళ్లకు చెప్పులు లేవు. ఎంత దూరం నుంచి వస్తున్నారో తెలీదు. బండి పోయేదాకా వాళ్లు నడుస్తూనే కనిపించారు.

నేను టీచర్ని. మా బడి ఉత్తరాంధ్రలో కొండవాలు ఊళ్లో ఉంది. ఆ ప్రయాణంలో నా సంచిలో రెండు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది. పదో తరగతి ఫలితాల వరస. అందులో మా బడి చివరి నుంచి రెండోది. ఒక సమీక్షలో మా హెడ్‌మాస్టర్ని లేపి, అందరి ముందూ ఆ కాగితం చదివించారు. మొదటి స్థానంలో ఉన్న బడి టౌన్లో ఉంది. అక్కడికి పిల్లలు ఆటోల్లో వస్తారు, సాయంత్రం ట్యూషన్‌కు పోతారు. మా దగ్గర సంక్రాంతి వెళ్లగానే తరగతిలో పావువంతు పిల్లలు అమ్మానాన్నలతో ఇటుక బట్టీలకు పోతారు. కొండ మీది సవర ఇళ్ల నుంచి వచ్చేవాళ్లకు మా తెలుగే పరాయి భాష. ఈ సంగతులు చెప్పబోతే, సాకులు వద్దన్నారు. ఆ ఒక్క మాట నన్ను ఎనిమిది నెలలుగా పట్టుకుని ఉంది. నేను చెప్పబోయింది నిజంగానే సాకేనా?

టాటానగర్ స్టేషన్ నుంచి సాక్చికి షేర్ ఆటోలో వెళ్లాను. జంషెడ్‌పూర్ అన్నది ఈ ఊరికి తర్వాత పెట్టిన పేరు. 1907లో ఉక్కు కార్ఖానా కోసం ఎంచుకున్న పల్లె సాక్చి. సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలిసే చోటుకు దగ్గర, కాళీమాటి అనే చిన్న రైలు స్టేషన్‌కు దగ్గర. 1912 ఫిబ్రవరి 16న ఇక్కడ తొలి ఉక్కు దిమ్మె పోశారు. 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ఉక్కు చేసిన సాయానికి గుర్తుగా, జంషెట్‌జీ టాటా పేరు ఊరికి పెట్టాడు. కాళీమాటి టాటానగర్ అయింది. సాక్చి అనే పేరు మాత్రం ఊరి నడిమధ్యన ఒక పేటకు మిగిలిపోయింది. గోల్ చక్కర్, దాని చుట్టూ బజారు, బట్టల కొట్లు, పళ్ల బళ్లు, పొగలు కక్కే జిలేబీ బాణలులు, లిట్టీ కాల్చే పొయ్యిలు. కూరగాయలమ్మి బాంగ్లాలో బేరమాడుతుంది, రిక్షా అతను భోజ్‌పురీలో తిడతాడు, పక్కన ఇద్దరు ఆడవాళ్లు సంతాలీలో మాట్లాడుకుంటూ ఆకుకూర కట్టలు సర్దుకుంటారు. బిష్టుపూర్‌లో మనవాళ్లు కట్టుకున్న ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి మర్నాడు వెళ్తే, అరుగు మీద కూర్చున్న నలుగురు ముసలివాళ్లు అచ్చం మా ఊరి రచ్చబండ మీదిలాగే వంశధార నీళ్ల గురించి వాదించుకుంటున్నారు.

ఇది గీత గీసి కట్టిన ఊరు. 1940లలో ఒట్టో కోనిగ్స్‌బర్గర్ అనే జర్మన్ వాస్తుశిల్పి దీని విస్తరణకు ప్లాను వేశాడు. ఇళ్లన్నీ చిన్నచిన్న పేటలుగా ఉండాలి, ఏ పేట పిల్లలు ఆ పేటలోనే నడిచి బడికి వెళ్లాలి అన్నది ఆ తరహా ప్లాన్ల మూల సూత్రం. క్వార్టర్లకు అలా జరిగింది. కార్ఖానా కట్టిన కూలీలు, తర్వాత తర్వాత వచ్చినవాళ్లు ప్లానులో లేని చోట గుడిసెలు వేసుకున్నారు. ఇక్కడ ఎన్నికలొచ్చినప్పుడల్లా వినిపించే మాట 86 బస్తీలు. ఆ 86 బస్తీల జనం తాము దశాబ్దాలుగా ఉంటున్న నేలకు యాజమాన్య హక్కు అడుగుతూనే ఉన్నారు. క్వార్టర్ కుళాయి నుంచి బస్తీ చేతిపంపుకి అరగంట నడక కూడా లేదు.

మావయ్య పక్కింటి బెంగాలీ అమ్మాయి సర్కారు బడిలో టీచరు. నేనూ టీచర్నని తెలిసి, "మా బడి చూస్తారా దీదీ?" అంది. మర్నాడు పొద్దున్న ఆమె వెంట వెళ్లాను.

సాక్చి బజారుకు దగ్గర్లో ఉన్న బడి అది. పిల్లల తండ్రులు కొట్లలో గుమాస్తాలు, ఆటో డ్రైవర్లు, కాంట్రాక్టు ఫిట్టర్లు. ధనవంతులు ఎవరూ లేరు. కానీ గేటు దగ్గర తల్లులు నిలబడి టీచర్లతో మాట్లాడుతున్నారు. ఒకావిడ కూతురి చేతిరాత బాగోలేదని ఫిర్యాదు తెచ్చింది. ఏడో తరగతిలో భిన్నాల లెక్క ఇస్తే సగంమంది పైగా చేసేశారు. సాయంత్రం ఎక్కడ చదువుతారని అడిగాను. ట్యూషన్ అన్నారు, అన్నయ్య అన్నారు, మేడ మీది ఆంటీ అన్నారు. టీచర్లు మంచివాళ్లు, పని చేస్తున్నారు. అందులో నాకు అనుమానం లేదు.

మధ్యాహ్నం ఆమె స్నేహితుడి బడికి వెళ్లాం. అదీ సర్కారుదే, ఇక్కడికి మూడు కిలోమీటర్లు ఉండదు. భుయ్యాఁడీహ్ వైపు, సువర్ణరేఖ ఒడ్డుకు దగ్గర. రెండు గదులు, ఒక వరండా. ఆయన పారా టీచరు. ఇప్పుడా పేరు మార్చి సహాయక అధ్యాపకుడు అంటున్నారు గానీ బస్తీలో ఇంకా పారా సార్ అనే పిలుస్తారు. ఆ రోజు రెండు తరగతులను పక్కపక్కన కూర్చోబెట్టి ఒక్కడే చెబుతున్నాడు. మూడో తరగతి పిల్ల ఒడిలో ఏడాది తమ్ముడు నిద్రపోతున్నాడు. వాణ్ని ఇంట్లో వదిలితే చూసేవాళ్లు లేరు, తమ్ముణ్ని తేవద్దంటే అక్క కూడా రాదు, అందుకే ఇద్దర్నీ రానిస్తున్నాను అన్నాడాయన. ఆ గదిలో ఉన్న ఇంటి భాషలు లెక్కపెట్టాను: సంతాలీ, హో, బాంగ్లా, ఒడియా, భోజ్‌పురీ. పుస్తకం హిందీలో ఉంది.

ఇక్కడా అదే భిన్నాల లెక్క ఇద్దామనుకున్నాను. ఇవ్వలేదు. ఇస్తే ఏం తెలుస్తుందో నాకు ముందే తెలుసు కదా.

ఆయన బల్ల సొరుగులోంచి చుట్టలు తిరిగిన నోటుపుస్తకం ఒకటి తీశాడు. ఎడమ పేజీలో ఏప్రిల్‌లో బడిలో అడుగుపెట్టినప్పుడు పిల్లకు ఏం వచ్చో, కుడి పేజీలో ఇప్పుడేం వచ్చో. ఒక పిల్లాడి పేజీ చదివి వినిపించాడు. ఏప్రిల్‌లో వాడికి 'పానీ' అంటే తెలీదు. వాడి ఇంట్లో నీళ్లను 'దాక్' అంటారు. వాడికి దాహం వేస్తోందని తెలుసుకోవడానికి ఆయనకు మూడు రోజులు పట్టిందట. ఈ డిసెంబరులో వాడు కూడబలుక్కుంటూ పుస్తకంలో పాఠం చదువుతున్నాడు. వాణ్ని పిలిచి చదివించాడు. వాక్యం చివర వాడు ఊపిరి పీల్చుకుని మా వైపు చూశాడు, బాగుందా అన్నట్టు.

"పరీక్ష పెడితే వీడు ఇప్పటికీ ఫెయిలే" అన్నాడాయన. "పై నుంచి వచ్చే ఫారంలో డిసెంబరు మార్కుకే గడి ఉంది. ఏప్రిల్‌కు గడి లేదు."

నేను సంచిలోంచి కాగితం తీసి ఆయనకు చూపించాను. తెలుగు రాకపోయినా, వరస సంఖ్యలు చూసి ఏమిటో ఆయనకు అర్థమైపోయింది.

ఈ రాష్ట్రంలో ఈ పరిస్థితి ఆయన ఒక్కడిదే కాదు. జార్ఖండ్‌లో చిన్నపిల్లల బళ్లు కోవిడ్‌కు 2020 మార్చిలో మూతపడి, దాదాపు రెండేళ్లు తెరుచుకోలేదు. తెరిచాక 2022లో జ్ఞాన్ విజ్ఞాన్ సమితి వాళ్లు, ఆర్థికవేత్త జ్యాఁ ద్రెజ్ తోడుగా, 16 జిల్లాల్లో 138 బళ్లు తిరిగి చూశారు. అయిదింట ఒక బడిలో ఒక్కరే టీచరు. ఆ ఏకోపాధ్యాయ బళ్లలో పిల్లలు దాదాపు అందరూ దళిత, ఆదివాసీ ఇళ్లవాళ్లే. అంటే ఎవరి ఇంట్లో చదువుకు ఆసరా తక్కువో వాళ్లకే బడిలోనూ టీచరు తక్కువ. ఆ రెండు లోట్లనూ కలిపేసి వచ్చిన మార్కు మీద బడి పేరు రాసి, ఇది చెడ్డ బడి అంటున్నాం.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చూశాను. 2023లో జార్ఖండ్ ప్రభుత్వం 80 సర్కారు బళ్లను ముఖ్యమంత్రి ఉత్కృష్ట విద్యాలయాలుగా తీర్చి, సీబీఎస్ఈ సిలబస్ పెట్టింది. మంచి పని. వాటిలో చేరడానికి ప్రవేశ పరీక్ష ఉంది. మన గురుకులాల్లోనూ అంతే, పరీక్ష రాసి వచ్చినవాళ్లకు సీటు. గురుకులం ఫలితాన్ని తెచ్చి, వచ్చిన ప్రతి పిల్లనూ చేర్చుకునే జిల్లా పరిషత్ బడి పక్కన పెట్టి పోల్చే వార్తలు ఏటా మన పేపర్లలో చూస్తూనే ఉంటాం. జల్లెడ పట్టిన బియ్యానికీ పట్టని బియ్యానికీ రాళ్ల లెక్క తేడా వస్తే, ఆ తేడా వంట మనిషి చేతిలో ఉందనడం ఏం న్యాయం? గురుకులం టీచర్ల శ్రమను తక్కువ చేయడం లేదు. ఆ శ్రమ ఎంతో కూడా ఈ పోలికలో తేలదు అంటున్నాను.

రాత్రి మావయ్య భోజనం దగ్గర ఇవన్నీ విన్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. మజ్జిగన్నం అయ్యాక చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"ఒకసారేటయిందంటే తల్లీ, జపాను నుంచో ఎక్కడి నుంచో లెక్కలొచ్చినాయి. ఒక టన్ను ఇనుము తియ్యడానికి ఆళ్ల ఫర్నేసు ఇంత కోకు తింటంది, మీది అంత తింటంది, ఎందుకూ అని పెద్దోళ్లు మీటింగెట్టినారు. మా ఫర్నేసు కాడ కుర్రోళ్లు తల దించీసినారు. మా లేబొరేటరీలో ముసలి సారొకాయన ఉండేవోడు. ఆయన లేచి అడిగినాడు, ఆళ్ల బొగ్గులో బూడిదెంత, మన ఝరియా బొగ్గులో బూడిదెంత, ఆ లెక్క కూడా తెచ్చినారా అని."

మీటింగు ఎప్పుడు జరిగిందో ఆయనకు గుర్తులేదు. బొగ్గు సంగతి మాత్రం ఇనుము చేసేవాళ్లందరికీ తెలిసిందే. ఝరియా మన దేశంలో కోక్ బొగ్గుకు పేరుపడ్డ గనుల ప్రాంతం. కానీ మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. బూడిద ఎక్కువైతే కోకు ఎక్కువ పడుతుంది, చిట్టెం ఎక్కువ వస్తుంది, ఫర్నేసు అదే పనికి ఎక్కువ శ్రమ పడుతుంది. బూడిద తక్కువ ఉన్న బొగ్గు వాడే దేశంతో మన కొలిమిని ఉత్త కోకు లెక్కతో పోలిస్తే మన కొలిమివాడు సోమరిలా కనిపిస్తాడు.

"మరి అలాగని ఒగ్గీసినారా?" అన్నాను. నా ఎనిమిది నెలల ప్రశ్న అదే.

"ఎలా ఒగ్గెత్తాం? బూడిదెంతో తెలిసినాకే కదా, బొగ్గు కడగాలని తెలిసింది. వాషరీలెట్టి కడిగినారు. బూడిద తక్కువున్న బొగ్గు బయట దేశం నుంచి తెచ్చి కలిపినారు. కోకు గట్టిగా రావాలని కొత్త పద్ధతులెట్టినారు. బూడిద లెక్క రాయకపోతే ఏటి జరుగును? రోజూ ఫర్నేసు కాడ కుర్రోడికి తిట్లు, అంతే."

నాకు నిద్ర పట్టలేదు. పిల్లల్ని బొగ్గుతో పోల్చడం నాకు ఇష్టం లేదు. ఆ బూడిద పిల్లలో లేదు. తమ్ముణ్ని మోసే ఒడిలో, చెప్పుల్లేని నడకలో, ఇంటి భాషకీ పుస్తకానికీ మధ్య ఉన్న దూరంలో, ఒక్కడే ఉన్న టీచరులో ఉంది. అయినా మావయ్య మాటలో నాకు కావలసిన జవాబుంది. పరిస్థితి లెక్క రాయడం సాకు కాదు. ఎక్కడ ఎంత అదనపు పని అవసరమో తెలిసేది ఆ లెక్క వల్లే.

బయట దేశాలు ఈ చిక్కుతో చాలాకాలంగా కుస్తీ పడుతున్నాయి. ఇంగ్లండ్‌లో 1992 నుంచి బళ్ల ఫలితాల పట్టికలు పేపర్లలో వేస్తున్నారు. పేదల పేటల బళ్లకు అన్యాయం జరుగుతోందని గోల పుట్టి, 2006లో పిల్లల కుటుంబ పరిస్థితిని లెక్కలోకి తీసుకునే కొలత ఒకటి తెచ్చారు. 2010లో వచ్చిన ప్రభుత్వం దాన్ని తీసేసింది. పేదపిల్ల నుంచి తక్కువ ఆశించడం నీతిగా తప్పు అన్నది వాళ్ల వాదన. ఆ వాదనలో బలముంది, నేను తోసెయ్యను. 2016 నుంచి అక్కడ ఇంకో దారి పట్టారు: ప్రాథమిక బడి ముగిసేనాటికి పిల్ల ఎక్కడుంది, పదహారో ఏట ఎక్కడికి చేరింది, అక్కడే మొదలైన మిగతా పిల్లలు ఎంత దూరం వెళ్లారు అని చూడసాగారు. ఆస్ట్రేలియా 2010లో ప్రతి బడి వివరాలనూ ప్రజల ముందు పెట్టినప్పుడు, తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం, బడి ఎంత మారుమూల ఉంది, ఆదివాసీ పిల్లలెంతమంది అన్నవి కలిపి ప్రతి బడికీ ఒక సూచిక కట్టి, ఒకేలాంటి బళ్లను ఒకదాని పక్కన ఒకటి చూపించింది. ఏ పద్ధతీ లోపం లేనిది కాదు. కానీ బొగ్గులో బూడిద ఎంత అని అడగడం మాత్రం వాళ్లు మొదలుపెట్టారు.

మన దగ్గర కూడా అలాంటి కొలత ఒకసారి కనిపించింది. 2019లో నీతి ఆయోగ్ రాష్ట్రాల పాఠశాల విద్యకు మార్కులు వేసి వరస పెట్టింది. పెద్ద రాష్ట్రాల్లో కేరళ 76.6తో మొదట, ఉత్తరప్రదేశ్ 36.4తో చివర. పేపర్లన్నీ దాన్నే వేశాయి. అదే నివేదికలో, అంతకుముందు ఏడాదితో పోలిస్తే ఎవరు ఎంత మెరుగయ్యారన్న పట్టిక కూడా ఉంది. అందులో హర్యానా, అస్సాంల తర్వాత మూడోది ఉత్తరప్రదేశ్. ఒకే నివేదికలో చివరిదీ అదే, ముందుకు అడుగు వేసిన మొదటి మూడింటిలోనూ అదే. రెండో పట్టిక చాలామంది కంటపడలేదు.

ఇంతకంటే గట్టి ఉదాహరణ మన తెలుగు నేల మీదే ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాలు తీసుకున్నారు. ప్రైవేటు బడి పిల్లల మార్కులు సర్కారు బడి పిల్లల కంటే చాలా ఎక్కువ. అది ఊళ్లో అందరూ చూసేదే. అది బడి గొప్పా, ఇంటి గొప్పా? తేల్చడానికి, సర్కారు బళ్లలో ఉన్న పిల్లల్లో ప్రైవేటుకు పోతామని దరఖాస్తు పెట్టినవాళ్లకు 2008లో లాటరీ వేశారు. చీటీ తగిలినవాళ్ల ఫీజు ప్రాజెక్టు కట్టింది. తగలనివాళ్లలో ఎక్కువమంది ఉన్నచోటే ఉన్నారు. ఇలా చేస్తే రెండు జట్ల పిల్లల ఇళ్లూ ఒకేలాంటివి అవుతాయి. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో రెండు జట్లకూ తేడా లేదు. ఊళ్లో అందరూ చూసిన ఆ పెద్ద తేడా చాలావరకు ఇళ్లదేనని తేలింది.

అదే అధ్యయనంలో మిగతా సగం కూడా చెప్పాలి. ప్రైవేటు బళ్లు తెలుగు, లెక్కలకు తక్కువ సమయం ఇచ్చి, మిగిలిన సబ్జెక్టులకు ఎక్కువ ఇచ్చాయి. హిందీలో వాళ్ల పిల్లలు బాగా ముందున్నారు. ఒక్కో పిల్ల మీద వాళ్లు పెట్టిన ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. అంటే తక్కువ డబ్బుతో, తక్కువ సమయంలో, అదే తెలుగు, అవే లెక్కలు నేర్పారు. సర్కారు టీచరుగా ఈ మాట నన్ను గుచ్చింది. న్యాయమైన పోలిక మనల్ని కాపాడడానికి కాదు కదా ఉంది. మొరటు పోలిక దాచిపెట్టిన మన లోపాన్ని కూడా అది బయటపెడుతుంది. అందుకే అది కావాలంటున్నాను.

మావయ్య సొంతూరికి దగ్గరి పాలకొండ ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కొండ మండలాలు కలిపి కట్టిన జిల్లా. అదే రోజు పుట్టిన మరో గిరిజన జిల్లా అల్లూరి సీతారామరాజు. పదో తరగతి ఫలితాల్లో 2023లో మన్యం 87.47 శాతంతో రాష్ట్రంలో మొదటిది. 2024లో 96.37తో మళ్లీ మొదటిది. 2025లో 93.90తో మూడోసారీ అదే. అదే 2025లో అల్లూరి జిల్లా 47.64 శాతంతో రాష్ట్రంలో చివరిది. ఇది చెప్పగానే మావయ్య లేచి కూర్చున్నాడు. "మా కొండోళ్లు పస్టా? మూడు సార్లా?" అని రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆయన చిన్నతనంలో ఆ కొండల్లో సంతకం పెట్టగలిగినవాణ్ని చూడడానికి పక్క ఊరికి పోవలసి వచ్చేదట.

నా వాదనకు ఈ అంకెలు అడ్డం వస్తాయని ఎవరైనా అనొచ్చు. పేదరికమే అన్నీ తేల్చేస్తే మన్యం ఎలా మొదటికి వచ్చింది? నాకు మాత్రం ఈ రెండు జిల్లాల పోలికే అన్నిటికంటే విలువైనదనిపిస్తుంది. విశాఖపట్నం పక్కన అల్లూరి జిల్లాను పెడితే మనకు తెలిసేది కొండకీ నగరానికీ ఉన్న దూరమే. మన్యం పక్కన పెడితే అడగాల్సిన ప్రశ్నలు బయటికొస్తాయి: రెండూ కొండ జిల్లాలే, రెండు చోట్లా గిరిజన పిల్లలే, అక్కడ ఏం జరిగింది, ఇక్కడ ఏం జరగలేదు? టీచర్ల ఖాళీలా, దారులా, హాస్టళ్లా, ఇంటి భాషా? ఉత్తీర్ణత శాతం ఒక్కటే దీన్ని చెప్పదు. పదో తరగతి దాకా రాకుండా ఎంతమంది మధ్యలో ఆగిపోయారో చూడకపోతే ఆ శాతం సగం కథే. అయినా ప్రశ్న సరైన చోట పడుతుంది. ఒకేలాంటివాళ్ల మధ్య పోలిక పెట్టినప్పుడే "వాళ్లకు చేతనైంది, మనకెందుకు కాలేదు" అని అడిగే హక్కు వస్తుంది. ఆ ప్రశ్న మా బడిని అడిగితే నేను తల దించుకునైనా జవాబు చెబుతాను. మాలాంటి ఇంకో కొండవాలు బడి మాకంటే బాగా చేస్తే, బస్సెక్కి వెళ్లి నేర్చుకుని వస్తాను. టౌన్ బడిని చూపించి నిలదీస్తే నేర్చుకోవడానికి నాకేం దొరుకుతుంది, ఆటోలు, ట్యూషన్లు తప్ప?

ఈ మొరటు వరసలు చేసే అసలు హాని టీచరు మనసు విరగడం ఒక్కటే కాదు. మంచి టీచర్లు బదిలీ అడిగేటప్పుడు ఆ జాబితా చూస్తారు. కింద ఉన్న బడికి వెళ్తే నింద మోయాలి. అందుకని ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడి నుంచే తప్పించుకుంటారు. తల్లిదండ్రులూ జాబితా చూసి, కాస్త స్థోమత ఉన్నవాళ్లు పిల్లల్ని తీసుకుపోతారు. మరుసటి ఏడు మార్కు ఇంకా పడిపోతుంది. పిల్లలు తగ్గారని బడిని పక్క బడిలో కలిపేస్తారు. 2016 తర్వాత మూడు నాలుగేళ్లలో జార్ఖండ్‌లో అలా కలిపేసినవి నాలుగు వేలకు పైనే. ఘాట్‌శిలా దగ్గర చూసిన ఆ చెప్పుల్లేని పిల్లాడి నడకలో అలాంటి కిలోమీటరు ఏదైనా కలిసిందో లేదో నాకు తెలీదు. కలిసి ఉండకూడదని కోరుకున్నాను.

బయల్దేరే రోజు పొద్దున్న మళ్లీ భుయ్యాఁడీహ్ వెళ్లాను. పారా సార్ నోటుపుస్తకంలో ఒక పేజీ గీతలు ఎలా గీశాడో అడిగి నా డైరీలో వేసుకున్నాను. కష్టమేం లేదు. ఒక పేరు, ఇంటి భాష, బడికి దూరం, ఏడాది మొదట ఏం వచ్చు, చివర ఏం వచ్చు. అయిదు గడులు. పిల్ల ఏడాదిలో ఎన్ని రోజులు పనికి పోయిందన్నది ఆరో గడిగా నేను కలిపాను. మా దగ్గర అది లేకపోతే కుదరదు. ఆయన నా డైరీ చూసి, తన పుస్తకంలోనూ ఆరో గీత గీసుకున్నాడు.

జూన్‌లో మా బడి తెరవగానే ఆరో తరగతి నుంచి ఆ పుస్తకం మొదలుపెడుతున్నాను. ఫలితాల పట్టికలు తయారుచేసే అధికారులకు, వాటిని అచ్చు వేసే పత్రికల వారికి నా విన్నపం ఇది. వరస వేయండి, దాచమని నేను అడగడం లేదు. వేసేటప్పుడు ఆ పిల్లలు మొదట ఎక్కడున్నారో కూడా ఒక గడిలో రాయండి, అలాంటి పిల్లలే ఉన్న బడి పక్కన మా బడిని పెట్టండి. అప్పుడూ మేం చివర ఉంటే, మళ్లీ లేపి నిలబెట్టండి. నిలబడతాం.